గంట ఉంది, సైకిల్ లేదు

మెహదీపట్నంలో బస్సు కోసం నిలబడేవాళ్లకి ఆయన కొత్త కాదు. చేతిలో సైకిల్ గంట ఉంటుంది, సైకిల్ ఉండదు. జనం అడ్డొస్తే ట్రింగ్‌మని కొట్టి, తప్పుకున్నాక నడుస్తాడు. కోఠిలో చూశాను. లక్డీకాపూల్‌లో అయితే ఎర్రలైటు పడిందని ఫుట్‌పాత్ మీదే ఆగిపోయాడు. రిటైరైన పోస్ట్‌మ్యానంటాడు మా టీకొట్టతను. కాదు, లెక్చరరంటాడు పక్కనున్న జిరాక్స్ షాపతను.

మొన్న శనివారం చిలుకూరు బాలాజీ గుడికి 288డి ఎక్కితే, ముందు సీట్లో ఆయనే!

నాది మొక్కు. తమ్ముడి వీసా కోసం పోయినేడు 11 ప్రదక్షిణలు చేశాను. వచ్చింది. ఇక 108 బాకీ. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడనేది మా నాయనమ్మ. 1908లో మూసీ ఊరిని ముంచేశాక, మళ్లీ అలా జరగొద్దని కట్టి 1920లో పూర్తిచేసిన చెరువది. దాని పక్కనే మేమంతా ఊరొదిలి పోవడానికి గిరగిరా తిరుగుతున్నాం.

గుళ్లో హుండీ లేదు, స్పెషల్ దర్శనమూ లేదు. చేతిలో అంకెల కార్డు. చుట్టుకో అంకె కొట్టేయాలి. శనివారం నడిచే పనే లేదు, వెనకవాళ్లే తోస్తారు. నలభై దాటేసరికి అరికాళ్లు మండిపోయాయి. ఎవరిదో మోచెయ్యి తగిలి పెన్ను ఎటో పడింది. వేళ్ల మీద లెక్కపెడుతుంటే పక్కాయన చెవిలో "గోవిందా!" అని అరిచాడు. ఆ లెక్కా పోయింది.

గోడవారన ట్రింగ్‌మంది.

"తమ్మీ, అర్వైనాలుగైనయి. ఇది అర్వైఐదు."

"మీకెట్ల తెలుసు కాకా?"

"పచ్చంగి గద. బస్సుల గూడ నన్నే చూసుకుంట కూసున్నవ్."

సిగ్గేసింది. అక్కణ్నుంచి ఆయన ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒక్క ట్రింగ్. జనం తలలు తిప్పి ఆయన్ని కాదు, నన్ను చూడటం మొదలెట్టారు. నూటెనిమిదికి మాత్రం కండక్టర్ రైట్ చెప్పినట్టు రెండుసార్లు కొట్టాడు.

తిరుగు బస్సులో పక్కనే కూర్చున్నాడు. గంటని దగ్గరగా చూడటం అదే మొదలు. పైపూత లేచిపోయిన చోట చిన్న కుంకుమబొట్టు. దాన్ని చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. లంగర్‌హౌజ్ దాకా ఆగాను, ఇక ఆగలేక అడిగేశాను.

"కాకా, సైకిల్ ఏమైంది?"

నా మొహంలోకి వింతగా చూశాడు.

"ఏ సైకిల్?"