నాలుగింటి టీకి ఎవరెళ్లాలి: ఏడు వారాల లెక్క

మా ఆఫీసులో ఆరుగురం. సాయంత్రం నాలుగింటికి ఎవరో ఒకరు మూడంతస్తులు దిగి, సందు చివర బండి దగ్గర ఫ్లాస్కులో టీ పోయించుకు రావాలి. జూన్ నుంచి ఆ పని ఎవరిదో స్టోన్-పేపర్-సీజర్‌తో తేలుస్తున్నాం. గెలిచినవాళ్లు తప్పుకుంటారు, ఓడినవాళ్లు మళ్లీ వేస్తారు, ఆఖర్న మిగిలినవాళ్లు మెట్లు దిగుతారు. చిన్నప్పుడు పంటలు వేసి దొంగని తేల్చుకున్నట్టే. ఆట అవగానే ఎవరేం వేశారో డైరీ వెనక పేజీలో రాసుకుంటున్నాను: రాయికి సున్నా, కాగితానికి అడ్డగీత, కత్తెరకి ఇంటూ.

మొదటి వారం

సగం టైము ఏమీ తేలకుండానే పోయింది. ఆరుగురూ ఒకేసారి వేస్తే ఎక్కువసార్లు మూడూ పడతాయి, మళ్లీ వెయ్యాల్సిందే. ఇంటికెళ్లి లెక్క వేశాను. ఆరు చేతులు పడే తీరులు 729. అందులో సరిగ్గా రెండు రకాలే పడేవి 186. అంటే నాలుగుసార్లు వేస్తే సుమారుగా ఒక్కసారే తేలుతుంది. అదే ముగ్గురైతే 27 తీరుల్లో 18 తేలతాయి. మర్నాటి నుంచి ముగ్గురేసి రెండు జట్లయ్యాం. రెండు జట్లలో ఓడినవాళ్లు కలిసి మళ్లీ ఆడతారు. ఇప్పుడు ఆట త్వరగా అయిపోతోంది. గుంపుగా ఆడే ఎవరికైనా ముందు చెప్పేది ఇదే.

రెండు, మూడు వారాలు

తొండి గొడవలు. ఒకరి చెయ్యి అర క్షణం ఆలస్యంగా పడుతుంది, పక్కవాళ్లది చూసి వేశారంటారు. "సీజర్" అన్న మాట మీదే చెయ్యి పడాలని, అప్పటిదాకా వీపు వెనకే ఉండాలని పెట్టుకున్నాం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. పిడికిలి ముందు ఊపుతూ ఆడినప్పుడు, మాలో చిన్నవాడు కాగితం వేసే ముందు రెండో ఊపుకే బొటనవేలు పైకి లేచేది. కత్తెర అనుకుంటే ఆ వేలు లోపలికి ముడుచుకునేది. నాలుగు రోజులు అది చూసే వాడి మీద గెలిచాను. తర్వాత మనసొప్పక వాడికి చెప్పేశాను.

అయినా ఈ మూడు వారాల్లో 18 ఆటలకి ఐదుసార్లు నేనే వెళ్లాను. నా వంతు మూడు రావాలి.

నాలుగో వారం

ఇక్కడే అసలు సంగతి దొరికింది. డైరీ పేజీలు వరసగా చూస్తే, ఓడినవాళ్ల గడిలో పైన ఇంటూ ఉంటే దాని కింద మళ్లీ ఇంటూ దాదాపు లేదు. ఓడిన గుర్తుని వెంటనే మళ్లీ వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

మా ఆటలో మిగిలేది ఓడినవాళ్లే. ముగ్గురం కత్తెర వేసి రాయి చేతిలో ఓడామనుకోండి. తర్వాతి చేతికి కత్తెర ఎవరూ వెయ్యరు. ఇక పడేవి రాయి, కాగితం. ఆ రెండింట్లో కాగితం ఓడదు. గెలుస్తుంది, లేదా సమం. కాబట్టి ఇప్పుడే మనల్ని ఓడించిన దాన్ని ఏది ఓడిస్తుందో అదే వెయ్యాలి.

2014లో వెలువడిన ఒక అధ్యయనం కోసం చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 360 మంది విద్యార్థుల్ని ఆరుగురేసి గుంపులు చేసి 300 రౌండ్లు ఆడించారు. మొత్తం మీద మూడు గుర్తులూ ఇంచుమించు సమానంగానే పడ్డాయి. కానీ గెలిచినవాళ్లు అదే గుర్తు మీద నిలబడటం ఎక్కువ, ఓడినవాళ్లు మార్చడం ఎక్కువ. అది ఇద్దరిద్దరు ఆడిన ఆట. మా టీ ఆటలో గెలిచినవాళ్లు ఉండరు గనక ఆ రెండో సగమే మనకి పనికొస్తుంది.

మొదటి చేతికి ఏది మంచిదని అడుగుతుంటారు. 2005లో జపాన్‌లో ఒక కంపెనీ తన చిత్రాలు వేలం వెయ్యడానికి క్రిస్టీస్, సోథెబీస్ అనే రెండు వేలం సంస్థల మధ్య ఈ ఆటే పెట్టింది. క్రిస్టీస్ వాళ్లు తమ అధికారి పదకొండేళ్ల కవల కూతుళ్లని అడిగి కత్తెర వేశారు, అవతల కాగితం పడింది. ఇద్దరి ఆటలో ఆ సలహా బాగుంది. గుంపులో ఎవరో ఒకరు రాయి వేస్తూనే ఉంటారు. నేనైతే మొదటి చేతిని ఎవరేం వేస్తారో చూడటానికే వాడతాను.

నాలుగు నుంచి ఆరో వారం దాకా 18 ఆటలు. టీకి వెళ్లింది ఒక్కసారి. ఇన్ని ఆటలతో ఏదీ రుజువు కాదు, అయినా ఆ పేజీ చూస్తే సంతోషంగా ఉంది.

ఏడో వారం

అకౌంట్స్ మేడమ్ కనిపెట్టేశారు. సోమవారం ముగ్గురం కత్తెరతో ఓడాం. తర్వాతి చేతికి నేను కాగితం, చిన్నవాడూ కాగితం. ఆవిడ మళ్లీ కత్తెరే. ఇద్దర్నీ కోసి పడేశారు.

గురువారం ఆవిడా నేనూ మిగిలాం, కత్తెరతోనే ఓడి. ఈసారీ కత్తెర వదలరని రాయి వేశాను. ఆవిడ కాగితం వేశారు.

"నువ్వు రాసుకుంటున్నప్పుడు నేనూ చూస్తున్నాను బాబూ," అన్నారు ఫ్లాస్కు నా చేతికిస్తూ.

వచ్చే సోమవారం నుంచి మేడమ్ మిగిలినప్పుడల్లా గోడ గడియారం సెకన్ల ముల్లు చూసి వేస్తాను. ఇరవై లోపు ఉంటే రాయి, నలభై లోపు కాగితం, ఆపైన కత్తెర. నేనేం వెయ్యబోతున్నానో నాకే ముందు తెలియదు కాబట్టి ఆవిడకీ అందదు. ఆ లెక్కకి డైరీలో వేరే పేజీ గీసి పెట్టాను.