సిస్టుల మంగళవారం

మంగళవారాలు నాకు ఈయూఎస్ రోజులు, అంటే ఎండోస్కోప్ చివరున్న అల్ట్రాసౌండ్‌తో లోపల చూస్తూ, అవసరమైతే సూదితో నీరు తీసే రోజులు. పొద్దున ఓపీ త్వరగా ముగించుకుంటే గానీ మధ్యాహ్నానికి ఎండోస్కోపీ గదిలో అడుగు పెట్టలేను. ఈ మధ్య ఓపీలో పాంక్రియాస్ (క్లోమం) సిస్టులు, అంటే నీటి తిత్తులు, బాగా ఎక్కువయ్యాయి. జబ్బు పెరిగి కాదు, స్కానింగులు పెరిగి. కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ తీస్తారు, రాయి ఉండదు, క్లోమంలో సిస్టు కనిపిస్తుంది. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం నుంచీ ఇంటిల్లిపాదికీ టెన్షన్.

ఇవాళ మొదట వచ్చినతను తెనాలి వైపు నుంచి. మందు అలవాటుంది. రెండు నెలల కింద పాంక్రియాటైటిస్‌తో, అంటే క్లోమం వాచి, ఆస్పత్రిలో పడి లేచాడు. ఇప్పుడు పొట్ట వెనక 7 సెంటీమీటర్ల సిస్టు. పక్కనే నిలబడిన భార్య, "ఆ నీరేదో లాగేయండి మేడమ్, మనిషి భయపడి చస్తున్నాడు" అంది. తింటున్నాడా? తింటున్నాడు. జ్వరం? లేదు. వాంతులు? లేవు. అయితే లాగక్కర్లేదమ్మా అన్నాను. ఇది సూడోసిస్టు. వాచిన క్లోమం నుంచి కారిన రసం ఒకచోట చేరితే, చుట్టూ ఉన్న కణజాలమే నాలుగు వారాలకో ఆపైనో గోడ కట్టుకుంటుంది. లోపల దానికంటూ సొంత పొర ఉండదు కాబట్టి క్యాన్సర్‌గా మారే భయం లేదు. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. నొప్పి పెడితేనో, చీము పడితేనో, పొట్టకి అడ్డం పడితేనో చూద్దాం. ఈలోపు మందు మానాలి. ఆ మాట అన్నప్పుడు మాత్రం అతను ఫ్యాన్ వైపు చూశాడు.

మధ్యాహ్నం ఈయూఎస్‌కి రాసిపెట్టుకున్నామె రిపోర్టులో కూడా బయట ఎవరో సూడోసిస్టు అనే రాశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆమెకి నలభై ఎనిమిదేళ్లు. క్లోమం తోకలో నాలుగున్నర సెంటీమీటర్లది, ఒకటే గది. మందు మాట అటుంచి, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు లేవు, కడుపుకి దెబ్బ తగల్లేదు, వెన్నులోకి పొడిచే నొప్పితో ఒక్క రాత్రి కూడా ఆస్పత్రికి పరిగెత్తలేదు. పాంక్రియాటైటిస్ రాని మనిషికి సూడోసిస్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? అడిగితే అరనిమిషంలో తేలే సంగతి. ఆ వయసు ఆడవాళ్లలో తోక దగ్గర ఒంటరి సిస్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది మ్యూసినస్ సిస్టిక్ నియోప్లాజమ్‌ని, అంటే మ్యూసిన్ అనే జిగట పదార్థం ఊరే గడ్డని. దాదాపు ఆడవాళ్లకే వస్తుంది. మైక్రోస్కోప్ కింద దాని గోడలో అండాశయంలో ఉండేలాంటి కణజాలం కనిపిస్తుంది. ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారగలదు. సూడోసిస్టని నమ్మి, నీరు పొట్టలోకి కారేలా స్టెంట్ (చిన్న గొట్టం) వేసి వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సూది సిస్టులోకి వెళ్లింది గానీ నీరు సిరంజిలోకి ఎక్కనంటుంది. చిక్కదనం అప్పుడే తెలిసిపోయింది. ఒక చుక్క గ్లవ్ మీద వేసుకుని బొటనవేలితో చూపుడువేలితో సాగదీస్తే తీగపాకంలా సాగింది, తెగలేదు. నర్సు గ్లూకోమీటర్ తెచ్చింది, ఇంట్లో షుగర్ చూసుకునేదే. స్ట్రిప్ మీద చుక్క పెడితే 'లో' అని చూపించింది. మరీ తక్కువైతే ఆ మిషన్ అంకె చూపించదు. మ్యూసిన్ ఉన్న సిస్టుల్లో గ్లూకోజ్ 50 లోపే ఉంటుంది సాధారణంగా. వేలకి వేలు పోసి చేయించే పరీక్షల మధ్య, ఒక్క స్ట్రిప్ ఖర్చుతో ఇంత సమాచారం రావడం నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

పీజీ అమ్మాయి వెంటనే అడిగింది, "అయితే ఇక సీఈఏ ఎందుకు మేడమ్?" మంచి ప్రశ్న. సీఈఏ అంటే సిస్టు నీటిలో కొలిచే ఒక ప్రొటీన్. సూడోసిస్టులో కూడా గ్లూకోజ్ పడిపోవచ్చు, అందుకే క్లోమరసంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ కూడా చూడాలి. 250 కన్నా తక్కువ వస్తే సూడోసిస్టు మాట దాదాపు మర్చిపోవచ్చు. సీఈఏకి 2004 నుంచీ అందరం పట్టుకు వేళ్లాడుతున్న అంకె 192. అది దాటితే మ్యూసినస్ వైపు మొగ్గు. అంతేగానీ సీఈఏ వేలల్లో ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. ఈ తేడా తెలియక ఫోన్‌లో రిపోర్టు చూసుకుని ఏడ్చుకుంటూ వచ్చేవాళ్లున్నారు.

"ఒకవేళ సీరస్ అయ్యుంటే?" అంది మళ్లీ. సీరస్ అంటే దాదాపు ఎప్పుడూ క్యాన్సర్‌గా మారని మరో రకం సిస్టు. అదే అయ్యుంటే నీరు పల్చగా ఉండేది, గ్లూకోజ్ మామూలుగా వచ్చేది, సీఈఏ అట్టడుగున ఉండేది. లోపల చిన్నచిన్న గదులు, మధ్యలో మచ్చ, ఒక్కోసారి ఆ మచ్చలో కాల్షియం, ఇదీ దాని మామూలు రూపం. ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికి వెళ్లం. చిక్కల్లా పెద్ద గదులతో వచ్చే సీరస్‌తోనే, స్కాన్‌లో అచ్చం ఈమె సిస్టులాగే ఉంటుంది.

మధ్యలో రిటైరైన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు, పొద్దున ఓపీలో ఆఖరున వచ్చారు. డెబ్భై నాలుగేళ్లు. ఎంఆర్‌సీపీలో (క్లోమం నాళాలు చూపించే ఎంఆర్ఐ స్కాన్) సిస్టు 14 మిల్లీమీటర్లు, పక్క నాళంతో కలిసి ఉంది, అంటే బ్రాంచ్ డక్ట్ ఐపీఎంఎన్, క్లోమం పక్క నాళంలో మ్యూసిన్ ఊరే రకం. మెయిన్ డక్ట్ (క్లోమం ప్రధాన నాళం) 3 మిల్లీమీటర్లు, లోపల కండ లేదు, కామెర్లు లేవు. "తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదమ్మా" అన్నారు. మెయిన్ డక్ట్ 5 దాటితే జాగ్రత్తపడతాం, 10కి చేరితే ఆపరేషన్ మాట ఎత్తుతాం మాస్టారూ అంటే, అంకెలు జేబులోని కాగితం మీద రాసుకున్నారు. క్లోమం తల భాగంలో ఉన్నదాన్ని తీయాలంటే విపుల్ ఆపరేషన్, క్లోమం తలతో పాటు చిన్నపేగు మొదటి భాగాన్నీ తీసే పెద్ద ఆపరేషన్. ఈ చిన్న సిస్టు కోసం ఆయన్ని ఆ టేబుల్ మీద పడుకోబెట్టను. ఆరు నెలలకి మళ్లీ స్కాన్. పాత సీడీ పారేయొద్దని రెండుసార్లు చెప్పాను, మార్పు కనిపెట్టేది దానితో పోల్చే.

నలభై ఎనిమిదేళ్లామె కొడుకు బయట కూర్చుని ఉన్నాడు. గ్లూకోమీటర్ సంగతి చెప్పాను, సూడోసిస్టు కాదనీ చెప్పాను. సీఈఏ, అమైలేజ్, సైటాలజీ (నీటిలోని కణాల పరీక్ష) వచ్చాక సర్జన్‌తో కూర్చుందాం, చాలావరకు తోక భాగం తీయాల్సి రావొచ్చు అన్నాను. "అమ్మకి నేనే చెప్తా మేడమ్" అన్నాడు. శుక్రవారం ఇద్దర్నీ కలిసి రమ్మన్నాను.