కొబ్బరిపాలు, నిమ్మకాయ, ఒక పెగ్గు రమ్ము

మా కోనసీమలో రమ్ము అంటే కూల్‌డ్రింకు పోసుకుని, పక్కన రొయ్యల వేపుడు పెట్టుకుని తాగే సరుకు. ఈ వేసవికి అందరూ ఇంటికొస్తే, పళ్లరసాలతో కాక్‌టెయిల్స్ చేస్తానన్నాను. "షర్బత్తుకైతే నేనెందుకురా, పిల్లల్ని కూర్చోబెట్టు" అన్నారు మా బావగారు.

ముందు పీనా కొలాడా. రమ్ము, అనాసరసం, తియ్యటి కొబ్బరి క్రీము కలిపి చేసేది. 1954లో కరీబియన్ దీవి ప్యూర్టో రీకో రాజధాని శాన్ వాన్‌లోని కరీబ్ హిల్టన్ హోటల్లో పుట్టిందని ఆ హోటల్ వాళ్లు చెప్పుకుంటారు. 1978లో ప్యూర్టో రీకో దాన్ని అధికారిక పానీయం చేసుకుంది. విదేశాల్లో ఆ క్రీము డబ్బాలో కొంటారు. అంబాజీపేట పక్కన ఉండి కొబ్బరిని డబ్బాలో కొంటే ఊళ్లో పరువు పోతుంది కాబట్టి ఇంట్లోనే మొదలుపెట్టాను.

బొండాం పనికిరాదు, ముదురుకాయ కావాలి. తురిమి, కాసిని గోరువెచ్చటి నీళ్లతో మిక్సీలో తిప్పి, పల్చటి గుడ్డలో పిండితే చిక్కటి మొదటిపాలు దిగుతాయి. రెండోసారి పిండినవి అక్క పులావుకి పట్టుకుపోయింది. మొదటిపాలకి ఇంచుమించు సమానంగా పంచదార, చిటికెడు ఉప్పు వేసి, సన్నసెగ మీద పంచదార కరిగేదాకా తిప్పుతూ ఉండాలి. అసలు టెన్షన్ ఇక్కడే. తెర్లనిచ్చారా, పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పైన గట్టిగా పేరుకుంటుంది గానీ దానికి భయపడక్కర్లేదు, బయటపెట్టి చెంచాతో కలిపితే మామూలైపోతుంది.

కొంచెం వెనిల్లా ఐస్‌క్రీము కూడా వేస్తే బావుంటుంది కదా అంది అక్క. వెయ్యచ్చు, కానీ పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్లను విరగ్గొట్టేస్తుంది, కాసేపు ఉంచితే చేదెక్కుతుంది. అందుకే రసాన్ని కొన్ని నిమిషాలు మరిగించి చల్లార్చాను. మరిగితే దాని పని అయిపోయినట్టే.

నా కొలత ఇది: 60 మి.లీ. తెల్లరమ్ము, 90 అనాసరసం, 45 కొబ్బరి క్రీము, 15 నిమ్మరసం, గుప్పెడు ఐసు. ఐసుముక్కలు నేరుగా వేస్తే మా మిక్సీ బ్లేడు మూలుగుతుంది. తువ్వాల్లో చుట్టి రోకలితో నలగ్గొట్టి వేశాను. కరెంటు ఉండగానే ఐసు పోగేసుకోవడం మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది నిమ్మకాయ దగ్గర. తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు తిని పెరిగిన నాలుకలు మావి. రుచి చూసిన ప్రతివాళ్లూ "ఇంకొంచెం పంచదార పడాలేమో" అనేవాళ్లే. పడకూడదు. పండులో తీపి ఉంది, క్రీములో తీపి ఉంది. పులుపు తగలకపోతే రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. పైగా చల్లబడితే తీపి నాలుక్కి తక్కువగా తెలుస్తుంది, ఐసు కరిగితే పల్చబడుతుంది. కాబట్టి రుచి ఐసు వేశాకే చూడాలి. ఇంకా చప్పగా అనిపిస్తే ముందు నిమ్మరసం నాలుగు చుక్కలు, ఆ తరవాతే పంచదార.

మామిడితో చేసింది తేలిక. క్యూబాలో పుట్టిన డైకిరీ అంటే రమ్ము, నిమ్మరసం, పంచదార, అంతే. దానికి మామిడిగుజ్జు కలిపాను. చిన్నరసాలకి వాసన అమోఘం గానీ పీచు, వడగట్టక తప్పదు. బంగినపల్లికి ఆ బాధ లేదు.

చక్కెరకేళి అరటిపండుకి మాత్రం నల్లరమ్మే సరి. రమ్ము చేసేదే చెరకు మడ్డితో. అందుకేనేమో, పంచదార బదులు కాస్త బెల్లంపాకం పోస్తే రెండూ ఎప్పటినుంచో చుట్టాలన్నట్టు కలిసిపోయాయి. చేసిన వెంటనే తాగెయ్యాలి, లేకపోతే అరటి నల్లబడి చూడ్డానికి బావుండదు. నన్నడిగితే పీనా కొలాడా కంటే ఇదే నయం. ఇంత మాట ఊళ్లో కొబ్బరి వ్యాపారుల ముందు అనలేను.

పిల్లలకి రమ్ము లేకుండా ముందే చేసిచ్చి పక్కగదిలోకి పంపేశాను. పెద్దవాళ్లకి గ్లాసుకి ఒక్క పెగ్గు, కొలిచే పోశాను. మన రమ్ముల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. పళ్లరసంలో దాని ఘాటు తెలీదు, తెలీదు కాబట్టే గ్లాసులు చకచకా ఖాళీ అవుతాయి. మూడోది పూర్తిచేసిన బావగారు "నాకేం ఎక్కలేదు, ఇంటికెళ్లి పడుకుంటా" అంటూ కారు తాళాలు వెతకడం మొదలుపెట్టారు. రాత్రిపూట కాలవగట్టు రోడ్డు, పక్కన పిట్టగోడ కూడా ఉండదు. అక్క అప్పటికే తాళాలు బియ్యం డబ్బాలో దాచేసింది. పొద్దున్న పెసరట్టు తిన్నాక గానీ ఇవ్వలేదు.