ముందు నీళ్లు, ఆ తర్వాతే వైర్లు

పాత కారులో ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్ వచ్చిందంటే ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత డైనమో చూపిస్తారు, అప్పటికీ తగ్గకపోతే ఏదో మాడ్యూల్ (లాకుల్లాంటివి నడిపే చిన్న కంప్యూటర్ డబ్బా) పోయిందని ఎవరో ఒకరు అంటే అదీ మార్పించేస్తారు. కాళ్ల దగ్గర మ్యాట్ లేపి కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. పదేళ్లు దాటిన కారులో లాకులు వాటంతట అవే పడటం, వైపర్ ఎవరూ వెయ్యకుండానే ఒకసారి ఊగి ఆగిపోవడం, రాత్రి బాగున్న బ్యాటరీ పొద్దున్నకి దిగిపోవడం ఇలాంటివి మొదలైతే, అందులోనూ వాన పడ్డాక ఎక్కువవుతున్నాయంటే, వైరింగ్ జోలికి వెళ్లకముందే నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయో వెతకండి. నీళ్లు ఆగకపోతే మీరు పెట్టిన కొత్త పార్టు కూడా కొన్నాళ్లకి అదే దారి పడుతుంది.

నాది సన్‌రూఫ్ ఉన్న పాత సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నదే. పొద్దున్నే అద్దాలకి లోపలి వైపు ఆవిరి పట్టి ఉండేది, కొద్దిగా ముక్కిపోయిన వాసన, అప్పుడప్పుడు ఎడమ పక్క డోర్ లాక్ పనిచేసేది కాదు. కార్పెట్ పైన చెయ్యి పెడితే మాత్రం పొడిగానే ఉంది! ఇక్కడే చాలామంది వదిలేస్తారు. కార్పెట్ అంటే మనకి కనిపించే పై గుడ్డ ఒక్కటే కాదు, దాని కింద శబ్దం రాకుండా మందపాటి ఫోమ్ ఉంటుంది, అది స్పాంజిలా నీళ్లు పట్టి పెట్టుకుంటుంది, పైన ఆరిపోయినా కింద వారాల తరబడి తడిగానే ఉంటుంది. డోర్ దగ్గర గడప మీదుండే ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ అంచు పైకి లాగి ఆ ఫోమ్‌ని గట్టిగా పిండి చూడాలి, అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. నేను పిండితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి.

ఆ ఫోమ్ పక్కనుంచే కారు వైరింగ్ చాలా భాగం పోతుంది. గడప వెంట లావుపాటి వైర్ల కట్ట, సీట్ల కింద కనెక్టర్లు, చాలా కార్లలో డ్యాష్‌బోర్డ్ కింద పక్క మూలన ఫ్యూజ్ బాక్స్, బీసీఎం అనే మాడ్యూల్ (లాకులు, లైట్లు, వైపర్లు దీని చేతిలోనే ఉంటాయి), కొన్నిటిలో డిక్కీలో స్టెప్నీ పక్కన ఇంకో మాడ్యూల్. కంపెనీ వాళ్లు రెండు మూడు వైర్లు కలిపి జాయింట్ వేసిన చోట్లు కూడా చాలాసార్లు కార్పెట్ కిందే ఉంటాయి. అంటే నీళ్లు చేరే చోటూ కరెంటు పోయే చోటూ ఒకటే అన్నమాట.

సరే, తడి ఉందని తేలింది. ఇప్పుడు అవి ఏం నీళ్లో తేల్చుకోవాలి, ఎందుకంటే అన్నీ వాన నీళ్లే కావు. ఒక తెల్ల టిష్యూ అద్ది చూడండి. రంగు ఉండి, వేళ్లకి జారుడుగా తగిలి, తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), హీటర్ కాయిల్ కారుతోంది, అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే ఇంకా ఖాయం. నీళ్లు తేటగా ఉండి, వాన లేని రోజుల్లో కూడా ఏసీ వేస్తేనే వస్తుంటే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, మామూలుగా కారు కింద కారాల్సిన నీళ్లు లోపల కాళ్ల దగ్గర కారుతున్నాయి. ఏసీకి సంబంధం లేకుండా వాన పడితేనో, కారు కడిగితేనో తడుస్తుంటే మాత్రం బయట నుంచి వస్తున్నట్టే, అసలు పని అక్కడ మొదలవుతుంది.

బయట నుంచి వచ్చే దారి పట్టుకోవడానికి ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది మామూలుగా కారని చోట కూడా నీళ్లు దూరుస్తుంది, దాంతో మీరు లేని లీక్ వెంట పడతారు. మామూలు పైపు చాలు, ధార మెల్లగా ఉండాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ముందు డోర్ అడుగు, తర్వాత అద్దం అంచు, తర్వాత ముందు అద్దం కింద వైపర్ల దగ్గరుండే గాడి, చివరికి రూఫ్. పై నుంచి మొదలుపెడితే ఒకేసారి అన్నీ తడుస్తాయి, ఏ చోట నుంచి వచ్చిందో తేలదు. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఓపిగ్గా ఆగాలి, లోపల ఇంకొకరు టార్చ్ పట్టుకుని కూర్చోవాలి, కార్పెట్ వెనక్కి మడిచి, పక్క ట్రిమ్ములు తీసేసి కూర్చోవాలి, లేకపోతే ఏమీ కనపడదు. అనుమానం ఉన్న జాయింట్ల మీద కాస్త టాల్కమ్ పౌడర్ చల్లితే నీళ్లు పోయిన దారి గీతలాగా కనిపిస్తుంది, ఇది చాలా బాగా పనిచేస్తుంది.

ఎక్కువగా దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. ముందు అద్దం కింద గాడిలో రాలిన ఆకులు చేరి మట్టిలాగా అయిపోయి డ్రెయిన్ మూసుకుపోతుంది, నీళ్లు నిండి ఏసీ గాలి లోపలికి పీల్చే రంధ్రం లోంచి క్యాబిన్ ఫిల్టర్ మీదుగా లోపల పడతాయి, ఫిల్టర్ తీస్తే తడిగా ఉందంటే ఇదే. డోర్ సంగతి వేరు, డోర్ లోపలికి నీళ్లు పోవడం మామూలే, అద్దం పక్కనుంచి దిగి అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి, ఆ డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీట్ నల్ల బ్యూటైల్ జిగురుతో అతికించి ఉంటుంది, ఎప్పుడో స్పీకర్ మార్చినవాళ్లో అద్దం మోటార్ బాగుచేసినవాళ్లో దాన్ని చింపి సరిగ్గా అతికించకపోతే నీళ్లు నేరుగా కార్పెట్ మీదకే. డిక్కీ తడిస్తే టెయిల్ లైట్ గ్యాస్కెట్లు, డిక్కీ బీడింగ్, రూఫ్ మీద యాంటెనా అడుగు, రూఫ్ జాయింట్ మీద పగిలిన సీలెంట్ వరసగా చూడండి. వెనక అద్దానికి వాషర్ ఉన్న కార్లలో ఆ పైపు మధ్యలో ఊడినా వెనకంతా తడుస్తుంది.

సన్‌రూఫ్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను. సన్‌రూఫ్ రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపదు, ఆపాలని పెట్టింది కూడా కాదు. దాటొచ్చిన నీళ్లు చుట్టూ ఉన్న ట్రేలో పడి, మూలల్లో ఉన్న సన్న పైపుల్లోంచి అద్దం పక్క పిల్లర్ల లోపలగా కిందికి దిగి బయటికి పోతాయి. కాబట్టి రబ్బరు చుట్టూ సిలికాన్ పూస్తే లాభం లేదు, పైపులు చూడాలి. సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో చిన్న గ్లాసుతో నీళ్లు పోసి కారు కింద ఎక్కడ కారుతున్నాయో చూడండి, రావాల్సిన చోట రాకపోతే పైపు మూసుకుపోయింది లేదా ఊడిపోయింది. శుభ్రం చెయ్యడానికి గడ్డి కోసే మెషిన్‌లో వాడే సన్నటి నైలాన్ తీగ మెల్లగా దూర్చాలి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, పాత పైపు పిల్లర్ లోపల కొసనుంచి ఊడిపోతే దాన్ని మళ్లీ ఎక్కించడానికి సీలింగ్ గుడ్డ దాకా దించాలి.

నా కారులో మా తమ్ముడు లోపల టార్చ్ పెట్టుకుని పడుకున్నాడు, నేను ఎడమ ముందు మూలలో నీళ్లు పోస్తున్నా. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత "అన్నా, ఆగు ఆగు, వైరు మీదుగా వస్తోంది" అన్నాడు. పిల్లర్ అడుగున పైపు కొస తన రబ్బరు సాకెట్‌లోంచి జారి పక్కకి వంగి ఉంది, అందులోంచి చుక్క పడి నేరుగా కింద పడకుండా వైర్ల కట్టని పట్టుకుని జారుతూ, కట్ట వంగిన చోట ఆగి, లావై, అక్కడున్న తెల్ల కనెక్టర్ మీద పడుతోంది. ఆ కనెక్టర్ ఊడదీస్తే ఒక వరసలో పిన్నులన్నీ మెరుస్తున్నాయి, చివరి రెండు మాత్రం పచ్చగా చిలుము పట్టి ఉబ్బిపోయి ఉన్నాయి, ఒకదాన్ని సూదితో కదిపితే పొడిలా రాలిపోయింది. అందులో ఒకటి లాక్ మోటార్ లైను. వాన పడితే డోర్ లాక్ ఎందుకు మొండికేస్తుందో అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు వైర్ల సంగతి. సీటు తీయాల్సి వస్తే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాలి, సీటు కింద పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటర్ పెట్టొద్దు, అవి ఊడదీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చెయ్యొద్దు, చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతుంది, అది కారు కంప్యూటర్లలో ఫాల్ట్ కోడ్లు చదివి చెరిపే స్కానర్‌తోనే పోతుంది.

చిలుము పట్టిన చోట కాంటాక్ట్ క్లీనర్, సన్న బ్రష్, బాగా పోయిన పిన్ను మార్చడం, అంతే. కానీ పిన్ను మారిస్తే సరిపోదు, వైరు కొంచెం ఒలిచి చూడండి, తడి లోపలి రాగి పోగుల మధ్యలోంచి ఇన్సులేషన్ కిందగా పైకి పాకుతుంది, రాగి నల్లబడిపోయి ఉంటుంది. మెరిసే రాగి వచ్చేదాకా కోసుకుంటూ పోవాలి, అక్కడ కొత్త ముక్క కలిపి లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) వెయ్యాలి. నల్ల టేపు చుట్టడం వద్దు, అది నీళ్లని ఆపకపోగా లోపల పట్టి ఉంచుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వైర్లకి, రేకుకి వద్దు, దాంట్లో వచ్చే యాసిడ్ లోహాన్ని తినేస్తుంది.

మీటర్ ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది, లోడ్ పడగానే పడిపోతుంది. అందుకే 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి పెట్టుకోండి, అది పూర్తిగా వెలిగితేనే ఆ లైను బాగున్నట్టు. ఎర్త్ కూడా అంతే, లైట్ వేసి ఉంచి మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి ఆ లైట్ ఎర్త్ వైరుకి పెడితే 0.1 వోల్ట్ దగ్గర ఉండాలి, అర వోల్ట్ దాటితే ఆ ఎర్త్ బోల్ట్ విప్పి కింద తుప్పు గీకాల్సిందే. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలగడం లాంటివి ఎక్కువగా టెయిల్ లైట్ ఎర్త్ పోవడం వల్లే. ఇంకోటి, డోర్‌కి బాడీకి మధ్య రబ్బరు గొట్టంలో ఉండే వైర్లు ఏళ్ల తరబడి వంగి వంగి తెగుతాయి, డోర్ తీస్తూ మూస్తూ ఉంటే లాకో పవర్ విండోనో వచ్చిపోతుంటే నీళ్ల కన్నా ముందు ఆ గొట్టం లాగి చూడండి.

బ్యాటరీ దిగిపోతుంటే, ముందు అది ఫుల్‌గా ఉంటే 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ ఆన్‌లో ఉంటే దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉందా చూసుకోండి, కొన్ని కార్లలో ఛార్జింగ్ కంప్యూటర్ చేతిలో ఉండి అంకె కాస్త అటూ ఇటూ ఆడుతుంది, కంగారు పడొద్దు. అది బాగుంటే మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి నెగటివ్ కేబుల్ ఊడదీసి, ఆ కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్యలో (సిరీస్‌లో) కలపాలి, మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు. డోర్ తెరిచి ఉన్నా మూసినట్టే కారు అనుకునేలా డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసేసి తాళం దూరంగా పెట్టి, మాడ్యూల్స్ అన్నీ నిద్రపోయేదాకా అరగంట పైనే ఆగాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే మామూలు, రోజుకి 1.2 ఆంపియర్ అవరే. అదే అర ఆంపియర్ పోతుంటే రోజుకి 12 ఆంపియర్ అవర్, 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ లెక్కప్రకారం నాలుగు రోజులు కూడా రాదు, స్టార్ట్ అవ్వకపోవడం అంతకన్నా ముందే. ఏ లైనో పట్టుకోవడానికి ఫ్యూజులు పీకుతూ పోతే మాడ్యూల్స్ మళ్లీ లేచి కూర్చుంటాయి, దానికన్నా ఫ్యూజు నెత్తిమీద ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి, కరెంటు పోతున్న ఫ్యూజులోనే అంకె కదులుతుంది. తడిసిన మాడ్యూల్ నిద్రపోకుండా మేలుకునే ఉండటం ఇలాంటి కేసుల్లో మామూలు.

డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైట్లన్నీ ఒకేసారి వెలిగి స్కానర్‌లో U అక్షరంతో మొదలయ్యే కోడ్లు బోలెడు వస్తే అన్ని మాడ్యూల్స్ ఒకేసారి పోయాయనుకోవద్దు, క్యాన్ లైన్, అంటే మాడ్యూల్స్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు, చూడండి. బ్యాటరీ తీసి, చాలా కార్లలో ఓబీడీ సాకెట్ (స్కానర్ గుచ్చేది) 6, 14 పిన్నుల మధ్య 60 ఓమ్స్ రావాలి, ఎందుకంటే రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి. 120 వస్తే ఒక చివర తెగినట్టు, సున్నాకి దగ్గరగా ఉంటే రెండు వైర్లు ఎక్కడో తాకినట్టు, ఆ ఎక్కడో అనేది చాలాసార్లు తడి కనెక్టరే.

ఫోమ్‌ని కారులోనే ఆరబెట్టాలని చూడకండి, డోర్లు తీసి ఎండలో పెట్టినా అడుగు ఆరదు. సీట్లు తీసి కార్పెట్ బయటికి తెచ్చి ఆరేయాల్సిందే. తిరిగి పరిచే ముందు మళ్లీ ఒకసారి పైపుతో మొత్తం తడిపి చూడండి, వైర్ల కట్ట కనెక్టర్ కన్నా కిందికి వంగేలా కట్టండి, ఎప్పుడైనా చుక్క వచ్చినా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. నేను కార్పెట్ కింద నాలుగు మూలలా టిష్యూలు పెట్టి వదిలేశా, పెద్ద వాన పడ్డ ప్రతిసారీ అంచు లేపి చూస్తున్నా, పొడిగానే ఉన్నాయి, డోర్ లాక్ కూడా సరిగ్గా పడుతోంది.