కా ఆల్బమ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలి?

ర్యాప్ అంటే బీట్ అదిరిపోవాలి, గొంతు ఖంగుమనాలి అనుకునేవాళ్లకి కా (Ka) అనే అమెరికన్ ర్యాపర్ పాట వినిపిస్తే నిమిషంలోపే అడుగుతారు, "డ్రమ్స్ ఎప్పుడొస్తాయి?" అని. రావు. చాలా పాటల్లో ఆఖరిదాకా రావు. ఏదో పాత రికార్డులోంచి తీసిన చిన్న ముక్క తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఒక మనిషి, పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు, గొంతు తగ్గించి చెప్పుకుపోతుంటాడు. నాకు పిచ్చెక్కించింది సరిగ్గా ఆ గొంతే.

అసలు పేరు కసీమ్ ర్యాన్. బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ కుర్రాడు. 1990ల్లో నేచురల్ ఎలిమెంట్స్ అనే గ్రూపులో కొన్నాళ్లు, తర్వాత నైట్‌బ్రీడ్ పేరుతో ఇంకో ప్రయత్నం. రెండూ కలిసిరాలేదు. న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేరి కెప్టెన్ దాకా ఎదిగాడు. 2001 సెప్టెంబర్ 11న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి పరిగెత్తినవాళ్లలో అతనూ ఉన్నాడు. తొలి సోలో ఆల్బమ్ 'ఐరన్ వర్క్స్' 2008లో వచ్చేనాటికి ముప్పై అయిదు దాటాయి. ర్యాప్‌లో ఆ వయసుకి చాలామంది సర్దుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఆ రికార్డు వూ-టాంగ్ క్లాన్ అనే పేరున్న ర్యాప్ గ్రూపులోని జిజా చెవిన పడి, అదే ఏడు వచ్చిన జిజా 'ప్రో టూల్స్' ఆల్బమ్‌లో ఓ పాటలో కా గొంతుకి చోటు దొరికింది. పాట పేరు 'ఫైర్‌హౌస్', అంటే ఫైర్ స్టేషన్, కావడం చూసి నవ్వుకున్నాను.

నన్నడిగితే కా సంగీతానికి అసలు నిర్మాత ఆ ఫైర్ స్టేషన్ జీతమే. ఇల్లు గడవడానికి పాట అమ్ముడుపోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఎవరి కోసమూ డ్రమ్స్ పెట్టలేదు, ఎవరి కోసమూ గొంతు పెంచలేదు. బీట్లు చాలావరకు తనవే, వీడియోలు తనే తీసుకునేవాడు, పెద్ద లేబుల్ ఏదీ వెనక లేదు. కొత్త ఆల్బమ్ రాగానే మాన్‌హటన్‌లో ఫుట్‌పాత్ మీద నిలబడి తనే అమ్మేవాడు, కొనడానికొచ్చినవాళ్లతో కబుర్లు చెబుతూ.

'గ్రీఫ్ పెడిగ్రీ' (2012)తో ఆ శైలి స్థిరపడింది. అక్కణ్ణుంచి దాదాపు ప్రతి ఆల్బమ్‌కీ ఒక కథావస్తువు. 'ది నైట్స్ గాంబిట్' (2013)కి చదరంగం. ప్రిజర్వేషన్ అనే ప్రొడ్యూసర్‌తో చేసిన 'డేస్ విత్ డాక్టర్ యెన్ లో' (2015)కి 'ది మంచూరియన్ క్యాండిడేట్' కథలో మనుషుల మెదళ్లు కడిగే డాక్టరు. పాటల పేర్లన్నీ 'డే' పక్కన ఓ అంకె, అంతే. 'ఆనర్ కిల్డ్ ద సమురాయ్' (2016) పేరులోనే సంగతి ఉంది. 'ఆర్ఫియస్ వర్సెస్ ద సైరెన్స్' (2018)లో గ్రీకు పురాణాలు. ఇదంతా తెలివి ప్రదర్శన అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. రాజుని తెచ్చినా, సమురాయ్‌ని తెచ్చినా, సిసిఫస్‌ని తెచ్చినా చివరికి అతను తీసుకెళ్లేది క్రాక్ అనే మత్తుమందు ముంచెత్తిన నాటి బ్రౌన్స్‌విల్‌ వీధుల్లోకే. తిన్నగా చెబితే తట్టుకోలేనిది చెప్పడానికి అతనికి ఆ కథలు కావాలి.

అన్నిటికన్నా నేను ఎక్కువసార్లు విన్నది 'డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్' (2020). బైబిల్లో కయీను తమ్ముడు హేబెలును చంపిన కథని తన వీధికి తెచ్చి, అన్న తమ్ముణ్ణి చంపుకునే చోట పెరిగినవాడు ఏమవుతాడు అని అడుగుతాడు. మొత్తం అరగంట చిల్లర. అంత బరువు మోయించి ఆఖర్న 'ఐ లవ్' అనే పాట పెట్టాడు: భార్యకి, అమ్మకి, స్నేహితుడికి. అంతవరకూ ఒక్క మాటా సూటిగా అనని మనిషి, అక్కడ ఏ కయీనూ అడ్డం లేకుండా ప్రేమిస్తున్నానని చెప్పేస్తాడు. అది మాత్రం విడిగా వినకండి, ముందు పాటలన్నీ దాటి వస్తేనే దాని దెబ్బ తెలుస్తుంది.

అర్థం చేసుకోవడం మాత్రం తేలిక కాదు. ఒక లైను బుర్రకెక్కేలోపు రెండు దాటిపోతాయి. 'ది నైట్స్ గాంబిట్'లో 'ఆఫ్ ద రికార్డ్' అనే పాట ఉంది. పాత హిప్‌హాప్ ఆల్బమ్‌ల పేర్లని మాటల్లో కలిపేసి కథ నడిపిస్తాడు. ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఒక్కో పేరూ పట్టుకుంటూ వినడంలో ఉన్న సరదా వేరు.

2016 ఆగస్టులో 'సమురాయ్' వచ్చిన రోజుల్లోనే న్యూయార్క్ పోస్ట్ పత్రిక మొదటి పేజీలో, పోలీసుల మీద పాటలు రాస్తున్న ఫైర్ కెప్టెన్ అంటూ అతన్ని ఎండగట్టింది. హిప్‌హాప్ జనం అతని పక్షాన నిలిచారు. అతను డ్యూటీ చేసుకుంటూనే ఉన్నాడు, రికార్డులు తెస్తూనే ఉన్నాడు.

2022లో ఒకేసారి వదిలిన 'లాంగ్విష్ ఆర్ట్స్', 'వోఫుల్ స్టడీస్' రెండూ కలిపి ఒకటిగా కుదించి ఉంటే బాగుండేదని నా గొణుగుడు. 2024 ఆగస్టులో వచ్చిన 'ద థీఫ్ నెక్స్ట్ టు జీసస్'కి మాత్రం వంక పెట్టలేను. చర్చి పాటల ముక్కల మీదే కూర్చుని, ఆ మతం నల్లవాళ్లకి ఏం ఇచ్చిందీ ఏం లాక్కుందీ నిలదీస్తాడు. అలాగని ఆ పాటల్ని ఎగతాళి చెయ్యడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 12న పోయాడు. యాభై రెండేళ్లు.

కొత్తగా వినేవాళ్లు 'డిసెండెంట్స్ ఆఫ్ కెయిన్'తో మొదలుపెట్టండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. తర్వాత 'ఆర్ఫియస్'. ఆ గొంతు అలవాటయ్యేదాకా 'డాక్టర్ యెన్ లో' జోలికి పోకండి.