ఆ భోషాణాన్ని గీకించకుండా ఉండాల్సింది

కిందటి వారం మా డైనింగ్ టేబుల్ మీద ఏడాదిగా కదలకుండా పడున్న ప్లాస్టిక్ మ్యాట్ తీస్తే, కింద అచ్చు దాని ఆకారంలోనే లేత రంగు మచ్చ కనిపించింది. చుట్టూ ఉన్న చెక్కంతా తేనె రంగుకు తిరిగితే, మ్యాట్ కింద మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. మా ఆవిడ టెన్షన్ పడి పాలిష్ వాళ్లకు ఫోన్ చేద్దామంది. వద్దన్నాను. మ్యాట్ పక్కన పెట్టేసి వెలుతురు తగలనిస్తే కొన్ని నెలల్లో ఆ మచ్చ దానంతటదే మిగతా చెక్కలో కలిసిపోతుంది.

కోత మిల్లు దగ్గర నిలబడి టేకు దుంగ కోయించుకున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. అప్పుడే కోసిన టేకులో మనం అనుకునే బంగారు రంగు ఉండదు. కొంచెం ఆకుపచ్చ ఛాయ, మధ్యమధ్యలో నల్లటి చారలు, ఒక పలక ఒకలా ఉంటే ఇంకో పలక ఇంకోలా ఉంటుంది. మోసపోయామనుకుని డిపో వాళ్లతో గొడవ పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. కొన్ని వారాలు గాలీ వెలుతురూ తగిలాక ఆ పచ్చదనం పోతుంది, చారలు కాస్త తగ్గుతాయి, పలకలన్నీ దాదాపు ఒకే రంగులోకి వస్తాయి. చేవ, అంటే దుంగ నడిమి గట్టి చెక్క, దాని చుట్టూ ఉండే తెల్ల చెక్క సంగతి మాత్రం వేరు, ఎన్నేళ్లున్నా అది చేవ రంగుకు రాదు, పురుగు పట్టేదీ ముందు అక్కడే. దానికి రంగు పూసి చేవలా కనిపించేట్టు చేసి అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు సొరుగు అడుగున, బీరువా వెనక, పాలిష్ వేయని చోట చూడండి.

నేను మొదటిసారి ఈ రంగు మారడం చూసింది మాత్రం టేకులో కాదు, పనసలో. మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి దగ్గర. గొల్లపల్లిలో వీణలు చేసే చోటికి చిన్నప్పుడు మా మావయ్య ఒకసారి తీసుకెళ్లాడు. అక్కడ వీణకు పనస దుంగనే వాడతారు, దాన్ని చెక్కుతుంటే కింద రాలిన పేళ్లు పసుపు కలిపినట్టు ఉన్నాయి. మా అమ్మమ్మ ఇంట్లో పీటలూ, తలుపులూ, భోషాణం అన్నీ పనసవే, కానీ అవి ఎర్రమట్టి రంగులో, కొన్నిచోట్ల దాదాపు నల్లగా ఉండేవి. రెండూ ఒకటే చెట్టంటే నేను నమ్మలేదు. ఇంటికొచ్చాక మావయ్య ఒక పాత పీటను తిరగేసి అడుగున ఉలితో గోరంత గీసి చూపించాడు. లోపల ఇంకా పసుపు ఛాయే!

అంటే ఆ ముదురు రంగంతా పైన పలుచని పొర. ఎండ చెక్కలోకి వెళ్లేది మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే, వెలుతురూ గాలీ కలిసి చేసే మార్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది. ఆ మాత్రం మందంలోనే యాభై, అరవై ఏళ్లు ఉంటాయి. బయట ఎండా వానా రెండూ పడే చోటైతే కథ తిరగబడుతుంది. చెక్కలో నారను పట్టి ఉంచే లిగ్నిన్ ఎండకు చెడి వానకు కొట్టుకుపోతుంది, అందుకే బాల్కనీలో పెట్టిన టేకు కుర్చీ బూడిద రంగుకు వస్తుంది.

ఇదంతా ఉలితో గీసి మరీ చూపించినా, 2016లో అమ్మమ్మ భోషాణం హైదరాబాద్ మా ఇంటికి వచ్చినప్పుడు నాకు గుర్తు రాలేదు. మూత మీద దీపం పెట్టే చోట నూనె మరక గుండ్రంగా ఉండేది. గొళ్లెం చుట్టూ నల్లటి మచ్చ. తడి తగిలినప్పుడు చెక్కలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీసిన గీత నల్లగా తేలేదీ ఇందుకే. నా కళ్లకు అప్పుడు అది మురికిలా కనిపించింది. ఇద్దరు పాలిష్ పనివాళ్లు వచ్చి మూడు రోజులు మిషన్‌తో గీకారు. చెక్క పసుపు తేలేసరికి ఆ రంగు బాగుండదని చెప్పి, సందులన్నీ లప్పంతో మూసి, ముదురు వాల్‌నట్ రంగు కొట్టి, పైన మెలమైన్ అనే ప్లాస్టిక్ లాంటి మెరుపు పూత వేశారు. షోరూమ్ నుంచి తెచ్చినట్టు మెరిసింది. పండక్కి అమ్మ వచ్చి, మూత మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. "ఇది మా అమ్మది కాదురా" అంది.

లప్పం కూడా తప్పే. చెక్క పొడవునా పెద్దగా మారదు కానీ అడ్డంగా వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. శ్రావణంలో తలుపు పట్టేసేది అందుకే. పాత వడ్రంగులు చట్రం గాడిలో పలకను జిగురు పెట్టకుండా వదిలేసేవాళ్లు, అది లోపల అటూ ఇటూ కదలడానికి. ఎండాకాలం పలక అంచున సన్నటి లేత గీత కనిపిస్తే అది పగులు కాదు, మళ్లీ వానలకు మూసుకుంటుంది. మా భోషాణంలో ఆ ఖాళీని లప్పంతో బిగించేశారు, రెండో వానాకాలానికి పక్క పలక నిలువునా చీలింది.

మీ ఇంట్లో అలాంటి పాత సామానుంటే దయచేసి ముందు పొడి గుడ్డతో తుడిచి నెల రోజులు ఊరికే చూడండి. ఆ తర్వాత కూడా ఏదో చేయాలనిపిస్తే, లక్కను స్పిరిట్‌లో కరిగించి వేసిన పాత పాలిష్‌ను గీకక్కర్లేదు, పైపైన కొత్త పూత వేయించుకోవచ్చు. పాలిష్ లేని చెక్కకు ఏడాదికోసారి అవిసె నూనె పలుచగా రాసి తుడిచేస్తే చాలు. ఆ తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి నిప్పంటుకోవచ్చు, విడదీసి ఆరబెట్టండి. మెలమైన్ వేసిన దానికి నూనె రాసి లాభం లేదు, లోపలికి పోదు.

భోషాణం మూత లోపలివైపు ఆ పనివాళ్లు ముట్టుకోలేదు. వెలుతురు తగలక అక్కడ చెక్క కొంచెం లేతగానే ఉంది. బియ్యం కొలిచినప్పుడల్లా అమ్మమ్మ బొగ్గుతో పెట్టిన గీతలు, నాలుగు నిలువు, ఒకటి అడ్డం, ఇంకా ఉన్నాయి. అమ్మ ఇప్పుడు వచ్చినప్పుడల్లా మూత ఎత్తి పెట్టమంటుంది.