ముల్లు దిగిన పాదం: నా అనుభవం

దేవరకొండ దగ్గర మా చెలకలో పత్తికట్టె పీకుతుండగా కుడి అరికాలిలో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. పిన్నీసుతో తీసి, పసుపు అద్ది, మరచిపోయాను. ఏడాది తరువాత అదే చోట గట్టి వాపు లేచింది. నొప్పి లేదు కనుక పట్టించుకోలేదు; నొప్పి లేకపోవడమే నన్ను ముంచింది. వాపు మీద చిన్న చిన్న రంధ్రాలు పడి చీము కారసాగింది. ఒక ఆసుపత్రిలో మామూలు గడ్డ అనుకుని రెండుసార్లు కోసి కట్టు కట్టారు. అది రెండుసార్లూ తిరగబెట్టింది. ఈలోగా ఇంట్లో నా దుప్పటి, చెప్పులు వేరుగా పెట్టడం మొదలైంది.

చివరికి హైదరాబాదులో చర్మవ్యాధుల వైద్యురాలు చేసిన పని చాలా చిన్నది. ఆ పుండు మీద గాజుగుడ్డ కట్టి, మరునాడు ఉదయం వరకు విప్పవద్దన్నారు. విప్పితే చీము మరకల నడుమ బొంబాయి రవ్వ కంటే సన్నని, లేత పసుపు రేణువులు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్క రేణువూ సూక్ష్మజీవుల గుంపేనని ఆమె చెప్పారు. జబ్బు పేరు మైసెటోమా. 1842లో మదురైలో వైద్యులు దీనిని గుర్తించినందున 'మదురా పాదం' అని కూడా అంటారు. ఇది శిలీంధ్రాల వల్లా వస్తుంది, బ్యాక్టీరియా వల్లా వస్తుంది. శిలీంధ్రమైతే తరచుగా శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది, బ్యాక్టీరియా అయితే మందులకు లొంగే అవకాశం ఎక్కువ. అందుకే ముక్క తీసి పరీక్షకు, సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్‌కు పంపి, ఫలితం కోసం వారాల తరబడి ఆగవలసి వచ్చింది. నొకార్డియా అనే బ్యాక్టీరియా అని తేలింది. ఇది మనిషి నుంచి మనిషికి అంటదని ఆమె మా ఇంటివాళ్ళకు విడమరచి చెప్పిన రోజున నా దుప్పటి మళ్ళీ అందరి దుప్పట్లలో కలిసింది.

చికిత్స 35 రోజుల విడతలుగా సాగింది. మొదటి 21 రోజులు ఉదయం, సాయంత్రం అమికాసిన్ సూదులు, విడత పొడవునా కోట్రైమాక్సజోల్ మాత్రలు; రెండూ బ్యాక్టీరియా మీద పనిచేసే మందులే. అమికాసిన్ మూత్రపిండాలకూ వినికిడికీ హాని చేయగలదు కనుక ప్రతి విడతకు ముందు రక్తంలో క్రియాటినిన్ చూసి, చెవి పరీక్ష చేసేవారు. మూసిన గదిలో సన్నని కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కూత ఆగిన నిశ్శబ్దంలో నా చెవి పోయిందేమోనని గుండె దడదడలాడేది.

నొకార్డియా మట్టిలో బతికే ఆక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా వర్గానికి చెందినది. తొలకరి జల్లుకు నేల నుంచి లేచే కమ్మని వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ కూడా ఆ వర్గానిదే. క్షయకు తొలి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దాని నుంచే దొరికింది. 1957లో జపాన్‌లో వెలుగుచూసిన కనామైసిన్ అనే మందు కూడా స్ట్రెప్టోమైసిస్ నుంచి వచ్చినదే. ఆ కనామైసిన్‌ను మార్చి చేసినదే నా అమికాసిన్. నా పాదాన్ని తిన్నదీ, నిలిపినదీ ఒకే వంశమని తెలిసిన నాటి నుంచి మా చెలక మన్నును చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ మాట మనసులో మెదులుతుంది.

మూడు విడతలు ముగిశాక రంధ్రాలన్నీ పూడాయి. చెవి పరీక్షలో తేడా రాలేదు. మాత్రలు ఇంకా కొన్ని నెలలు ఆపవద్దన్నారు. వేసుకుంటున్నాను, చెలకలోకి మాత్రం బూట్లు లేకుండా దిగడం లేదు.